కథ ఆట మొదలుపెట్టబోయే మేనకోడలికి

అమ్ములూ,

నువ్వు కథ ఆట నడపబోతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు కొంత కథ చెప్పి ఆపితే తర్వాత ఏం చేయాలో నీ స్నేహితులు తేలుస్తారట, దాన్ని బట్టి నువ్వు ముందుకు రాస్తావట. ఈసారి అందులో నిజమైన వ్యూహం ఉండాలి, తప్పటడుగు వేస్తే దెబ్బ తగలాలి అన్నావట. వినగానే గర్వంగా అనిపించింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఎవరి మొహం చిన్నబోయినా చూడలేని పిల్లవి నువ్వు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నిర్ణయానికి గడువు పెట్టు. గడువు దాటితే శత్రువు తన పని తాను చేసుకుపోతాడని మొదటిరోజే చెప్పు. పటం గీసి అందరికీ ఇవ్వు. తిండి, నూనె, మనుషులు ఎంత మిగిలారో ప్రతి విడత చివరా అంకెల్లో రాయి. 1970ల్లో విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ కంప్యూటర్ మీద చేసిన గుహ ఆటలో లాంతరు బ్యాటరీకి కూడా లెక్క ఉండేది. అది అయిపోతే చీకటే. అందుకే ఊరికే తిరగడానికి కూడా ఆలోచించాల్సి వచ్చేది. పాచికలు తప్పనిసరేం కాదు. 1959లో అలన్ కాల్‌హామర్ తెచ్చిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో పాచికలే ఉండవు, ఏడుగురూ ఎవరి ఆదేశాలు వాళ్ళు రాసి ఒకేసారి విప్పుతారు.

ఇక అసలు మాట. మా ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ ఇలాంటి ఆటే నడిపాడు. ముట్టడిలో ఉన్న కోట కథ. రాత్రి భోజనాలయ్యాక మెస్‌లో కథ చదివేవాడు, మేం చీటీల మీద ఏం చేయాలో రాసిచ్చేవాళ్ళం. ఉత్తర ద్వారం కాపాడుకోవాలా, రాత్రికి రాత్రి మనుషుల్ని పంపి ధాన్యం తెచ్చుకోవాలా అని పెద్ద వాదన జరిగింది. మా బ్యాచ్‌లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఒకడు లెక్కల నోట్సు వెనక పేజీలో మనిషికి ఇన్ని గింజలని లెక్కేసి, తొమ్మిది రోజులకు మించి తిండి రాదని చూపించాడు. మేమెవరం వినలేదు, ద్వారం దగ్గరే ఉండిపోయాం. అన్నట్టే తొమ్మిదో రోజున గాదె ఖాళీ అయింది. మా మొహాలు చూసి సీనియర్‌కు జాలేసింది. గోడ వెనక సొరంగం బయటపడిందనీ, దాన్నిండా బస్తాలున్నాయనీ చదివేశాడు. మెస్ అంతా ఈలలు. ఆ పిల్లాడు మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత ఎవరూ లెక్క వేయలేదు. చీటీల్లో జోకులు మొదలయ్యాయి, ఆట దానంతటదే ఆగిపోయింది. సీనియర్ మంచివాడు. ఆ మంచితనంతోనే సరిగ్గా ఆలోచించిన వాడికి అన్యాయం చేశాడు.

నువ్వు కూడా సొరంగం తవ్వుతావని నా భయం. అందుకే ఒక పద్ధతి పెట్టుకో. వాళ్ళు నిర్ణయం చెప్పకముందే ఏ దారిలో వెళితే ఏం పోతుందో నోట్‌బుక్‌లో రాసేయి. తర్వాత దాని మీద కొట్టివేతలు వద్దు. రెండు దారులకూ ఒకే ఫలితం రాస్తున్నావంటే వాళ్ళను అడగడమే దండగ.

అలాగని చెప్పాపెట్టకుండా దెబ్బ కొట్టకు, అది దగా. వంతెన కూలబోతుంటే, చెక్కలు పుచ్చిపోయాయని అంతకుముందు విడతలోనే ఎవరికో ఒకరికి కనబడాలి. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ ప్రచురించిన యుద్ధ క్రీడలో మధ్యవర్తి ఉండేవాడు. ఏ పక్షం కంటికి ఏది ఆనుతుందో అంతవరకే వాళ్ళకు చెప్పేవాడు. నీ పనీ అదే.

నష్టం ఎంత ఉండాలంటావా? అమ్మమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం గుర్తు తెచ్చుకో. మూడు పులులు, పదిహేను మేకలు. పోయిన మేక మళ్ళీ పటం మీదికి రాదు. అయినా నాలుగు పోయినంతలో ఆట అయిపోదు, మిగిలినవాటితో పులుల్ని కట్టేయొచ్చు. నువ్వెంత ఏడ్చినా అమ్మమ్మ ఒక్క మేకను కూడా తిరిగివ్వలేదు. మర్నాడు పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా సుద్దముక్క పట్టుకుని ఆమె దగ్గరికే పరిగెత్తేదానివి.

ఇంకొకటి. అందరూ ఓటేసి తేల్చేదైతే నష్టం ఎవరికీ తగలదు. ఒకరికి గాదె, ఒకరికి ద్వారం, ఒకరికి వేగు అప్పజెప్పు. ఎవరి పాత్రయినా చనిపోవచ్చని చేరేటప్పుడే చెప్పి ఒప్పించు. పాత్ర పోయినవాళ్ళకు ఆ రాత్రే ఫోన్ చేసి మాట్లాడు. కథలో మాత్రం బతికించకు.

మొదటి విడత రాశాక నీ నోట్‌బుక్ ఫోటో తీసి పంపు. కథ తర్వాత చదువుతాను, ముందు లెక్కలు చూడనీ. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి. రాత్రుళ్ళు మేలుకుని రాయకు, అమ్మ నన్ను తిడుతుంది.

మీ మావయ్య