బ్యాటరీ 28% ఉండగానే బోర్డు ఆగిపోతోంది.. బీఎంఎస్ ఉద్యోగానికి పనికొస్తానా?

ప్రశ్న: మాది కాకినాడ. బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్, 2200 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్, ఛార్జ్ శాతం చెప్పే బీక్యూ27441 ఫ్యూయెల్ గేజ్ చిప్, టీపీ4056 ఛార్జర్, ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌తో ప్రాజెక్టు చేస్తున్నా. 28% చూపిస్తుండగానే బోర్డు రీసెట్ అవుతోంది. ఫుల్ ఛార్జ్ చేసినా 100% రావడం లేదు. దీన్ని వదిలేసి, రూ.60 వేలు కట్టి ఈవీ కోర్సులో చేరమంటారా? - ఓ విద్యార్థి

జవాబు: ఇప్పుడే చేరకండి. ముందు ఈ ప్రాజెక్టు పూర్తి చేయండి. మీకు ఎదురైన ఈ రెండు చిక్కులూ బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్) ఉద్యోగంలో రోజూ చూసేవే. కారణాలు పట్టుకుని సరిచేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకంటే మంచి పని ఉండదు.

28% దగ్గర గేజ్ తప్పు చెప్పడం లేదు. ఏఎంఎస్1117 తన దగ్గరే సుమారు 1.1 వోల్టులు పోగొడుతుంది. సెల్ 3.6 వోల్టులకు దిగేసరికి ఈఎస్‌పీ32కి అందేది 2.5 వోల్టులే. వైఫై కరెంటు లాగిన క్షణంలో అదీ పడిపోయి, వోల్టేజీ చాలక బ్రౌనౌట్ రీసెట్ వస్తుంది. సెల్‌లో ఛార్జ్ నిజంగానే మిగిలి ఉంది, మీ బోర్డు దాన్ని వాడుకోలేకపోతోంది. తక్కువ డ్రాపౌట్ ఉన్న, అంటే తన దగ్గర తక్కువ వోల్టేజీ పోగొట్టే రెగ్యులేటర్ వేయండి. తర్వాత, బోర్డు ఎంత వోల్టేజీ దాకా నిలబడుతుందో కొలిచి, ఆ విలువనే టెర్మినేట్ వోల్టేజీగా ఇవ్వండి. 0% అంటే ఎక్కడో గేజ్‌కు చెప్పేది ఆ విలువే. చిప్‌లో మొదట ఉండేది 3200 మిల్లీవోల్టులు. మీ బోర్డు 3400 దగ్గర ఆగిపోతుంటే 3400 రాయాలి.

డిజైన్ కెపాసిటీ మార్చారా? చిప్ మొదట 1340 ఎంఏహెచ్ సెల్ అనుకునే లెక్క మొదలుపెడుతుంది. సెట్టింగుల తాళం తీయడానికి (అన్‌సీల్) హెక్స్ 8000 రెండుసార్లు పంపి, తర్వాత హెక్స్ 13తో కాన్ఫిగ్ అప్‌డేట్ మోడ్‌లోకి వెళ్లండి. ఫ్లాగ్ వచ్చేదాకా ఆగండి. 82వ సబ్‌క్లాస్ (సెట్టింగుల బ్లాక్)లో 10వ ఆఫ్‌సెట్ దగ్గర 2200, 12 దగ్గర డిజైన్ ఎనర్జీ 8140, 16 దగ్గర టెర్మినేట్ వోల్టేజీ, 27 దగ్గర టేపర్ రేట్ (దీని లెక్క కింద ఉంది) రాయాలి. చాలామంది తడబడేది బైట్ల వరుసలో. మామూలు కమాండ్లలో చిన్న బైటు ముందు వెళ్తుంది, ఈ బ్లాక్‌లో మాత్రం పెద్ద బైటు ముందు. అంటే 2200కు ముందు హెక్స్ 08, ఆ తర్వాత 98. చివర 32 బైట్లూ కూడి, కింది 8 బిట్లను 255లోంచి తీసేసి చెక్‌సమ్ రాయండి. చెక్‌సమ్ తప్పయితే మార్పులేవీ చిప్‌లోకి ఎక్కవు. హెక్స్ 42తో సాఫ్ట్ రీసెట్ ఇస్తే పని అయినట్టే.

ఇక 100% రాకపోవడం. టీపీ4056 మీరు పెట్టిన కరెంటులో పదో వంతుకు తగ్గగానే ఛార్జింగ్ ఆపేస్తుంది. 1 ఆంపియర్ పెడితే 100 మిల్లీఆంపియర్ల దగ్గర. గేజ్ అంతకంటే తక్కువ కరెంటు కోసం ఎదురుచూస్తుంటే ‘నిండింది’ అనే క్షణం దానికి ఎప్పటికీ రాదు. అందుకే గేజ్‌లో టేపర్ కరెంటును, అంటే ‘నిండింది’ అనుకునే కరెంటును, 150 మిల్లీఆంపియర్లుగా తీసుకోండి. 2200ను అందులో పదో వంతైన 15తో భాగించగా వచ్చే 147 టేపర్ రేట్. ఛార్జర్ వైరు ఎక్కడ కలిపారో కూడా చూడండి. గేజ్ కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టర్‌ను దాటేసి నేరుగా సెల్‌కు కలిపితే ఎక్కిన ఛార్జ్ గేజ్ లెక్కలోకే రాదు. ఆ రెసిస్టర్ 10 మిల్లీఓమ్‌లు మాత్రమే. కొలిచే చోట టంకం వల్ల 1 మిల్లీఓమ్ చేరినా కరెంటు 10% ఎక్కువ కనిపిస్తుంది. మల్టీమీటర్‌ను వరుసలో పెట్టి సరిచూడండి.

తర్వాత లెర్నింగ్ సైకిల్, అంటే గేజ్ మీ సెల్ తీరు నేర్చుకునే దశ. ఫుల్ ఛార్జ్ చేసి 2 గంటలు ఏ లోడూ లేకుండా ఉంచండి. 8.2 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌తో, అంటే దాదాపు 450 మిల్లీఆంపియర్లతో, టెర్మినేట్ వోల్టేజీ దాకా దించండి. అక్కడ ఆపేసి, మళ్లీ 5 గంటలు వదిలేయండి. ఓపిక పట్టలేక ఈ విరామం కుదించారో, క్యూమాక్స్ (సెల్ పూర్తి సామర్థ్యం విలువ) అప్‌డేట్ కాదు. ఈ చిప్ నేర్చుకున్నదంతా ర్యామ్‌లోనే ఉంటుంది, సెల్ తీయగానే పోతుంది. క్యూమాక్స్, ఆర్ఏ టేబుల్ (సెల్ లోపలి నిరోధం) విలువలు ఈఎస్‌పీ32లో దాచి, బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ చిప్ రీసెట్ అయిందని చెప్పే ఐటీపీఓఆర్ ఫ్లాగ్ చూసి తిరిగి రాయండి.

పది సెకన్లకోసారి వోల్టేజీ, కరెంటు, శాతం నమోదు చేసి, కరెంటు మొత్తం కూడి లెక్కగట్టిన నిజమైన శాతంతో గేజ్ శాతాన్ని పోల్చిన గ్రాఫ్ గీయండి. రెజ్యూమెలో ‘బ్యాటరీ ప్రాజెక్టు’ అని ఒక్క ముక్క రాయకుండా, ఎక్కడ ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో రాయండి. బీఎంఎస్ ఫర్మ్‌వేర్, టెస్టింగ్ ఉద్యోగాలకు ఇది బాగా పనికొస్తుంది. బెంగళూరు, హోసూరులోని ఈవీ కంపెనీలనూ, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్టునూ గమనిస్తుండండి. సీ భాష, చిప్‌లు మాట్లాడుకునే ఐ2సీ, వాహనాల్లో వాడే క్యాన్ బస్ గట్టిగా రావాలి. ఈవీ పాఠాలు కావాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్లవి ఉచితంగా ఉన్నాయి. ఆ రూ.60 వేలలో కొంతతో బీక్యూ34జెడ్100 ఫ్యూయెల్ గేజ్ బోర్డు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఈవీ2400 కొనుక్కోండి. దాంతో వరుసగా కలిపిన సెల్స్ ప్యాక్ మీద ఇదే పని మళ్లీ చేయవచ్చు.