లైనక్స్‌లో సొంత వాల్యూమ్ పట్టీ: నోటిఫికేషన్లు పేరుకుపోకుండా ఎలా?

పూర్తి డెస్క్‌టాప్ బదులు విండో మేనేజర్ (విండోలను అమర్చే ప్రోగ్రామ్) మాత్రమే వాడేవారు, వాల్యూమ్ కీ నొక్కిన ప్రతిసారీ కొత్త నోటిఫికేషన్ పేరుకుపోకుండా తెరపై ఒకే పట్టీ కనిపించేలా షెల్ స్క్రిప్టు (ఆదేశాల వరుసతో చిన్న ప్రోగ్రామ్) రాయడం ఎలాగని అడిగారు. శబ్దాన్ని నడిపే పైప్‌వైర్, దానిని నియంత్రించే వైర్‌ప్లంబర్ ఉన్న యంత్రంలో డబ్ల్యూపీసీటీఎల్ (wpctl) ఆదేశం వాల్యూమ్‌ను 0.45 వంటి దశాంశంగా చెబుతుంది. స్క్రిప్టును నడిపే బాష్ షెల్ పూర్ణాంకాలనే లెక్కిస్తుంది కనుక ఆక్ (awk) అనే ఆదేశంతో 100 చేత గుణించి 45గా మార్చుకోవాలి. ఆ అంకెను నోటిఫికేషన్ పంపే నోటిఫై-సెండ్ ఆదేశం ద్వారా ‘వాల్యూ’ (value) హింట్‌గా, అంటే అదనపు సూచనగా పంపితే, నోటిఫికేషన్లను తెరపై చూపే డన్‌స్ట్ ప్రోగ్రామ్ దానిని పట్టీగా గీస్తుంది. అసలు కీలకం స్టాక్ ట్యాగ్‌లో, అంటే నోటిఫికేషన్‌కు ఇచ్చే గుర్తింపు పేరులో ఉంది: ప్రతిసారీ అదే ట్యాగ్ ఇస్తే పాతదాని స్థానంలోనే కొత్తది వచ్చి, కీని నొక్కిపట్టినా ఒక్క పట్టీయే కదులుతుంది. మ్యూట్‌లో ఉన్నప్పుడు డబ్ల్యూపీసీటీఎల్ ఆదేశం అంకె పక్కన ‘మ్యూటెడ్’ అని కూడా చూపుతుంది. దానిని పరీక్షించకపోతే శబ్దం రాకున్నా పట్టీ 45 దగ్గరే నిలిచి వాడేవారిని తికమక పెడుతుంది.