రెండో రోజు ఉదయం పట్టీ చూడు

విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాన్సాస్‌లో నీకు సీటు వచ్చిందని, నూడుల్స్‌కు పనికొచ్చే శీతాకాలపు గోధుమ వంగడాల మీద పని అప్పగించారని అక్క ఫోన్ చేసి చెప్పింది. "అన్నం తినే ఊరి పిల్లకు గోధుమలెందుకురా" అని నవ్వింది కూడా. ముప్పై ఏళ్ళ కిందట నేను వెళ్ళినప్పుడు మా నాన్నగారూ అదే మాట అన్నారు. కాబట్టి ఆ సంగతి వదిలేయ్.

మన దేశంలో నవంబరులో చల్లి వేసవి మొదట్లో కోసే గోధుమ వేరు, నీ చేతికి వచ్చేది వేరు. అది సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే మంచు కింద పడుకుని, జూన్‌లో కోతకు వస్తుంది. చలి తగలనిదే పూత జోలికి పోదు. గ్రీన్‌హౌస్‌లో అయితే మొలకలను నాలుగైదు డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. నేను మొదటి ఏడాది తొందరపడి ఐదో వారంలోనే బయటికి తీశాను. గడ్డిలాగా పిలకలు వేసుకుంటూ కూర్చుంది. తల్లి మొక్క వెన్ను తీసేసరికి తండ్రి మొక్క పుప్పొడి రాలిపోయింది, ఒక ఏడాది పోయింది. లంబసింగిలో తెల్లవారుజామున మంచు చూసి ఇక్కడే పండించవచ్చు కదా అని అడిగావు గుర్తుందా? ఒకటి రెండు రాత్రుల వణుకుతో అది మేలుకోదమ్మా, వారాల తరబడి విడవని చలి కావాలి.

సంకరం చేయడం నీకు వరిలో అలవాటే. ఇందులో ప్రతి పువ్వుకూ మూడు కేసరాలు, పచ్చగా ఉన్నప్పుడే తీయాలి. వాటిలో ఒక్కటి పసుపు రంగుకు తిరిగినా ఆ వెన్ను మీద నమ్మకం పెట్టుకోకు. మధ్య పువ్వులు పీకేసి పక్క రెండే ఉంచు. అంతకు మించి చెప్పేదేమీ లేదు, చేతికి వస్తుంది.

అసలు సంగతికి వస్తాను. దసరాకు వచ్చినప్పుడు మన వంటింట్లో చేసిన పని మరిచిపోకు. వంద గ్రాముల పిండికి ముప్పై అయిదు గ్రాముల నీళ్ళు, కాస్త ఉప్పు. ముద్ద కావడం లేదని విసుక్కున్నావు. అది పొడిపొడిగా ఉప్మాలాగానే ఉండాలి, ఒత్తితేనే అతుక్కుంటుంది. మైదాతో ఒక పట్టీ, తవుడుతో కలిపి ఆడించిన గోధుమపిండితో ఒక పట్టీ అప్పడాల కర్రతో ఒత్తి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పడుకున్నాం. పొద్దున్న చూస్తే మైదా పట్టీ కాస్త మసకబారింది, రెండోది బూడిద కలిసిన గోధుమ రంగుకు తిరిగి, చుక్కలు చుక్కలుగా నల్లబడి ఉంది. మీ అత్తయ్య ఒక్క చూపు చూసి, "తరిగి నీళ్ళలో వేయని వంకాయలాగా ఉంది" అంది. సరిగ్గా అదే. వంకాయను నల్లబరిచే పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైమే గోధుమ గింజ తవుడు పొరలోనూ ఉంటుంది. మరలో ఎంత శుభ్రంగా ఆడించినా కొంత పిండిలోకి దిగుతుంది. పచ్చి నూడుల్స్ దుకాణంలో ఒక రోజు ఉండాలి. సాయంత్రానికి నల్లబడితే కొనేవాడు ముట్టుకోడు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మూడేళ్ళు వరసగా దిగుబడిలో ముందు నిలిచిన లైను, అంటే ఇంకా విడుదల కాని వంగడం, ఒకటి ఉండేది, తుప్పు తెగులు దాన్ని తాకనైనా తాకలేదు. దాని పట్టీని ఒత్తిన గంటలో రంగు కొలిచి, బాగుందని రాసేసుకున్నాం. నూడుల్స్ చేసేవాళ్ళు దాన్ని మర్నాడు చూసి తిప్పి పంపారు. మొదటి సంకరం నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్ళ పని. అందుకే చెబుతున్నాను, కొలత ఒత్తిన వెంటనే ఒకసారి, ఇరవై నాలుగు గంటల తరువాత ఒకసారి తీసుకో. రెండో అంకె లేని లైనును నీ పుస్తకంలోకి రానీయకు.

పిండి ఆడించేంత గింజ చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు కూడా. ఐదు గింజలు, ఒకటిన్నర మిల్లీలీటర్ల ఎల్-డోపా ద్రావణం, ఒక గంట. ఎంజైము ఎక్కువున్నచోట ద్రావణం ఎర్రబడుతుంది, ఆ రంగును స్పెక్ట్రోఫోటోమీటరులో 475 నానోమీటర్ల దగ్గర చదువుకోవచ్చు. ఆ గింజలు చావవు, కడిగి విత్తుకోవచ్చు. ఆ ఎంజైమును తయారుచేసే, 2ఎ, 2డి క్రోమోజోముల మీద ఉన్న జన్యువులకు డీఎన్ఏ మార్కర్లు, అంటే వాటిని గుర్తుపట్టే ఆనవాళ్ళు, కూడా ఉన్నాయి. మొదటి తరాల్లోనే సగం చెత్త ఊడ్చేయ్.

ఇంకొకటి, ఏ నూడుల్స్‌కో ముందే అడిగి తెలుసుకో. అట్టు పిండితో ఇడ్లీ వేస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. జపాన్ వాళ్ళ లావుపాటి ఉడాన్ నూడుల్స్‌కు మెత్తటి గింజ, ఎనిమిది నుంచి పది శాతం ప్రొటీన్ చాలు. పసుపు రంగు క్షార నూడుల్స్‌కు గట్టి గింజ, ఇంకాస్త ఎక్కువ ప్రొటీన్ కావాలి. ఉడాన్ మెత్తదనం స్టార్చ్‌లో ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమను జపాన్, కొరియాలు కోరి కొనడానికి కారణం అందులో స్టార్చ్‌లోని అమైలోజ్ అనే భాగాన్ని తయారుచేసే మూడు వాక్సీ జన్యువుల్లో ఒకటి, 4ఎ క్రోమోజోము మీద ఉండే డబ్ల్యుఎక్స్-బి1, పని చేయకపోవడం. దానివల్ల అమైలోజ్ కాస్త తగ్గుతుంది. మూడూ పని చేయకపోతే జిగురు బియ్యంలాంటి గోధుమ వస్తుంది. జపాన్‌లో కాంటో 107 అనే గోధుమ రకాన్ని బై హువో అనే రకంతో సంకరం చేసి 1995 నాటికి దాన్నీ సాధించారు. చూడటానికి సరదాగా ఉంటుంది గానీ ఒట్టి దానితో నూడుల్స్ చేస్తే గిన్నెలో ముద్దవుతాయి. ఒక జన్యువు తీసేస్తే చాలినచోట మూడూ తీసేయాలనే ఉబలాటం కుర్రవాళ్ళకు ఉంటుంది, నాకూ ఉండేది.

నూడుల్స్‌కు ఇష్టపడే తెల్ల గింజకు ఒక శాపం ఉంది. కోత ముందు వాన పడితే ఎర్ర గింజ కన్నా త్వరగా చేలోనే మొలకెత్తుతుంది. మన దగ్గర తుఫానుకు వరి పనలు నానితే ఏమవుతుందో చూశావుగా. మొలకెత్తిన గింజలో అమైలేజ్ ఎంజైము స్టార్చ్‌ను కొరుకుతుంది, ఇక నూడుల్‌కు పట్టు ఉండదు. ఫాలింగ్ నంబర్, అంటే వేడి పిండి జావలో కడ్డీ కిందికి దిగడానికి పట్టే సమయం, మూడు వందల సెకన్లు లేదా అంతకు మించి ఉన్న లైన్లనే ముందుకు నడిపించు. వెన్నులు కోసి, తడి ఇసుకలో గుచ్చి నాలుగు రోజులు పెట్టి చూస్తే కూడా బండారం బయటపడుతుంది.

నిన్న సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో బండి దగ్గర నూడుల్స్ తిన్నాను. సోయా సాస్ పోసి నల్లగా వేయించాక రంగు ఎవరికి కావాలి? ఆ బండివాడి ముందు నా ఉద్యోగమంతా వృథా అనిపించింది.

చేరాక నీ మొదటి పట్టీ ఫోటోలు పంపు, ఒత్తినప్పటిది ఒకటి, మర్నాటిది ఒకటి, ఒకే వెలుతురులో. సెలవులకు వచ్చేటప్పుడు గింజలు మాత్రం సామానులో వేసుకుని రాకు. విత్తనానికి అనుమతి పత్రాలు, క్వారంటైన్ ఉంటాయి. విమానాశ్రయంలో నిన్ను విడిపించడానికి నాకు ఓపిక లేదు.

మీ మామయ్య