మిక్సర్ సర్దుతున్న అబ్బాయి, మాస్టర్ ప్లాన్ అడుగుతున్న అమ్మ

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అర్ధరాత్రి దాటినా ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ముందే ఉంటాడు. తొంగిచూస్తే పాటా పల్లవీ ఏమీ ఉండదు, గళ్లకు రంగులు మారుస్తూ, పేర్లు పెడుతూ ఉంటాడు. అడిగితే 'మిక్సర్ సర్దుతున్నా' అంటాడు. మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలో చేర్పించమని గొడవ. ఫీజు నాలుగు లక్షలట. అదా, బీటెక్కా? పోల్చి చెప్పండి సార్.
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: పోలుస్తానమ్మా. ముందు ఆ రంగుల సంగతి తేలాలి. మీ బెంగ ఫీజు కంటే, పిల్లాడు రాత్రంతా ఆడుకుంటున్నాడేమోనని. ఇదే అనుమానంతో నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. అది ఆట కాదు. ఈ వృత్తిలో బోరు కొట్టే పని అదే, మీవాడు దాన్ని ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు.

ఎఫ్‌ఎల్ స్టూడియోలో శబ్దాలు ఛానెల్ ర్యాక్ అనే జాబితాలో ఉంటాయి, వాటి మోతాదులు సర్దే మిక్సర్ వేరే. ఏ శబ్దం మిక్సర్‌లో ఏ ట్రాక్‌కి, అంటే ఏ గడికి, వెళ్లాలో మనమే చూపించాలి, దీన్నే రూటింగ్ అంటారు. ఏ గడి దేనిదో తెలియడానికే ఆ రంగులు, పేర్లు. చూపించకపోతే అన్నీ కలిసి నేరుగా మాస్టర్ అనే చివరి ట్రాక్‌లో పడతాయి. అక్కడ ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దేది) ముట్టుకుంటే గొంతుతో పాటు డోలక్ కూడా మారిపోతుంది. అందుకే డ్రమ్స్ అన్నీ ఒక బస్‌కి (ఉమ్మడి ట్రాక్‌కి), కోరస్ గొంతులన్నీ ఇంకో బస్‌కి పంపిస్తారు. హాల్లో ప్రతిధ్వనిలాంటి రివర్బ్‌ని ఒక్క ట్రాక్‌లో పెట్టి, కావలసిన గొంతుల నుంచి కొంత శబ్దం దానికి పంపిస్తారు, దాన్నే సెండ్ అంటారు. కంప్యూటర్ మీద భారం తగ్గుతుంది, గొంతులన్నీ ఒకే హాల్లో పాడినట్టు వినిపిస్తాయి.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో అవసరం ఉంది. ఇక్కడి సినిమాలు హిందీకీ తమిళానికీ డబ్ అవుతాయి. మాటలు తీసేసి సంగీతం, ఎఫెక్ట్స్ విడిగా ఇవ్వాలి. రూటింగ్ మొదట్నుంచీ శుభ్రంగా లేకపోతే చివర్లో అది విడదీయడం నరకం. 'ఆడియో 37', 'ఆడియో 38' అని ట్రాక్‌లకు పేర్లున్న సెషన్ (ప్రాజెక్ట్ ఫైలు) పంపే అసిస్టెంట్‌ని మళ్లీ పిలవడానికి ఇంజనీర్లు ఇష్టపడరు.

ఇక డిప్లొమా. నాకు వీటి మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. బ్రోచర్‌లో పెద్ద మిక్సింగ్ కన్సోల్ ఫొటో ఉంటుంది, దాని ముందు మీవాడు ఎన్ని గంటలు కూర్చుంటాడో మాత్రం ఉండదు. చాలాచోట్ల సగం కాలం సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పడానికే పోతుంది, అవి మీవాడు ఇప్పటికే ఇంట్లో నేర్చేసుకున్నాడు. సినిమా స్టూడియోల్లో ఎక్కువగా వాడేది ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్. దాని మీద ఒక్కొక్కరి చేత విడిగా మిక్స్ చేయిస్తారా అని అడగండి. పోయినేడు చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడిగి, వాళ్లతోనే మాట్లాడండి. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అంటే ఉద్యోగం ఇప్పిస్తామని కాదు. బీట్లు (గొంతు లేని సంగీతం ముక్కలు) చేసి ఆన్‌లైన్‌లో అమ్మి బతకొచ్చని ఎవరైనా అంటే అసలు నమ్మకండి. అక్కడ అమ్మేవాళ్లే ఎక్కువ.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఫీజు కనుక్కున్నారు, గళ్ల రంగులు కూడా గమనించారు. వాడు చేసిన పాట ఒక్కటైనా విన్నారా? ఇంత రాశారు గానీ ఆ ఊసే లేదు. తలుపు దగ్గర నిలబడి తీర్పు చెబితే ఎలాగమ్మా? ఇవాళ హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని వినండి.

పోలికకు ఎక్కువ చోటు అక్కర్లేదు. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లయిన పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులకు డిగ్రీ కావాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. కాబట్టి ఎంపీసీ వృథా కాలేదు, దాన్ని మధ్యలో వదలనివ్వకండి. ఆ తర్వాత డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. బీటెక్ ఇష్టం లేకపోతే బీఎస్సీ చాలు, సాయంత్రాలు స్టూడియోకి మిగులుతాయి. ఇందులో చెడిపోయేదేమీ లేదు, ధైర్యంగా ఉండండి.

పరీక్షలయ్యాక కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వైపు ఏదైనా చిన్న డబ్బింగ్ స్టూడియోలో రెండు నెలలు అసిస్టెంట్‌గా కూర్చోబెట్టండి. కేబుళ్లు చుట్టడం, ఫైళ్లకు పేర్లు పెట్టడం, టీ కోసం పరుగెత్తడం అన్నీ ఉంటాయి. అప్పటికీ ఇదే కావాలంటే డిప్లొమా గురించి మళ్లీ రాయండి. ఈలోగా 'ఈ వారం చేరితే యాభై వేలు తగ్గింపు' అని ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్ వస్తే, పరీక్షలయ్యాక మాట్లాడతామని చెప్పి పెట్టేయండి.