పాత బోటుకి 7 లక్షల ఇంజినా? ముందు వెనక పలక చూడండి

ప్రశ్న (విశాఖ మర్రిపాలెం నుంచి ఒక పాఠకుడు): నాకు 46 ఏళ్లు. పరవాడలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం, చేతికి 92 వేలు వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 24 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, సిప్ 10 వేలు. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప ఇంటర్ రెండో ఏడాది. రెండేళ్ల క్రితం 17 అడుగుల పాత ఫైబర్ మోటారు బోటు లక్షా 60 వేలకు కొన్నాను. భీమిలిలో తెలిసినవాళ్ల తోటలో పెట్టి ఆదివారాలు బాగు చేసుకుంటున్నాను, దానికి ఇంకో లక్షా 10 వేలు అయింది. ఇప్పుడు దాని 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక బయట బిగించేది) పట్టేసింది. రిపేరుకి 80 వేలు అడుగుతున్నారు. సెకండ్ హ్యాండ్ 40 ఫోర్-స్ట్రోక్ రెండున్నర లక్షలకు ఒకటి ఉంది. కొత్తది 60 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ అయితే 7 లక్షలు. ఎఫ్‌డీ తీసేయనా, పర్సనల్ లోన్ పెట్టనా? వారాంతాల్లో టూరిస్టులను తిప్పితే ఈఎంఐ దానంతటదే వచ్చేస్తుందని స్నేహితుడు అంటున్నాడు. మా ఆవిడ మాత్రం అమ్మేయమంటోంది.

జవాబు:

మీరు మూడు ఇంజిన్లకు మూడు ధరలు రాశారు గానీ అసలు బోటు ఇప్పుడు ఎంత చేస్తుందో ఎక్కడా రాయలేదు. నాకు ముందు కావలసిన లెక్క అదే. లక్షా 60 వేలు పెట్టి కొన్నారు, లక్షా 10 వేలు పెట్టారు కాబట్టి అది 2 లక్షల 70 వేల బోటు అని మీ మనసులో ఉండిపోయి ఉంటుంది. కాదండి. పట్టేసిన ఇంజిన్‌తో తోటలో ఉన్న పాత బోటుకి కొనేవాడు ఎంత ఇస్తే అదే దాని ధర, అది లక్ష కూడా కాకపోవచ్చు. పెట్టిన డబ్బు పోయింది, దాన్ని వెనక్కి రాబట్టుకోవాలని ఇంకో 7 లక్షలు తగిలిస్తే రేపు అమ్మకానికి పెట్టినప్పుడు ఆ 7 లక్షలు బోటు ధరలో కనబడవు. కొత్త ఇంజిన్ పాత బోటు మీద ఎక్కిన రోజే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది.

ఇంజిన్ మాట కంటే ముందు, దాన్ని బిగించే వెనక పలక సంగతి తేల్చండి, మెకానిక్కులు ట్రాన్సమ్ అంటారు. పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, పైన ఫైబర్ పూత. బోల్టు రంధ్రాల దగ్గర నుంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగితే లోపల చెక్క కుళ్లిపోతుంది, బయటికి మాత్రం పెయింటు నిగనిగలాడుతుంది. చిన్న సుత్తితో అంతటా తట్టి చూడండి, గట్టిగా ఠంగుమంటే మంచిదే, డొల్లగా మొద్దుగా వినిపిస్తే అనుమానం. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి సన్నగా డ్రిల్ వేయండి, తడి పొట్టు, నల్లపొట్టు వస్తే కుళ్లినట్టే, ఇక సందేహం అక్కర్లేదు (ఆ రంధ్రం మళ్లీ ఎపాక్సీతో మూసేయండి). మన ఊళ్లో ఫైబర్ పని తెలిసిన మేస్త్రీలకు కొదవ లేదు, హార్బరు వైపు వెళ్లి ఇద్దరి దగ్గర విడివిడిగా అంచనా రాయించుకోండి. పలక మొత్తం మార్చాలని తేలితే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు, మీ ఆవిడ చెప్పిన మాటే నా మాట.

పలక బాగుందనుకుందాం. అప్పుడు రెండో ప్రశ్న, ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతారు?

నిజాయితీగా లెక్కేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం, గాలం వేద్దామని వెళ్లేవాళ్లకి ఆ రెండు నెలలు లేనట్టే. ఆ తర్వాత నైరుతి గాలులు, సముద్రం పోటు మీద ఉంటుంది, 17 అడుగుల బోటుతో భీమిలి దగ్గర గోస్తనీ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సరదాగా బయటికెళ్లే రోజులు కావవి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖవాళ్లకి నేను చెప్పాలా. మిగిలేది డిసెంబరు నుంచి ఏప్రిల్ సగం దాకా, అందులో మీకు ఖాళీ ఉన్న ఆదివారాలు, అందులో పెళ్లిళ్లు పేరంటాలు పోగా మిగిలినవి. ఏడాదికి 60 గంటలు అంటే నేను చాలా ఉదారంగా వేసినట్టు.

ఇప్పుడు షోరూముల్లో వినిపించే, ఫోర్-స్ట్రోక్ వేస్తే పెట్రోలు ఆదా అవుతుందన్న మాట చూద్దాం. మాట నిజమే. కార్బురేటర్ ఉన్న పాత 40 టూ-స్ట్రోక్ మామూలు వేగంలో గంటకు 12 లీటర్ల దరిదాపు తాగితే అదే పనికి ఫోర్-స్ట్రోక్ 8 లీటర్లతో సరిపెట్టుకుంటుంది అనుకోండి. లీటరు 110 చొప్పున 4 లీటర్లు, దానికి తోడు టూ-స్ట్రోక్‌లో 50 లీటర్లకు లీటరు చొప్పున కలిపే ఆయిల్, మొత్తం గంటకు 500 తేడా. ఏడాదికి 60 గంటలంటే 30 వేలు. 80 వేల రిపేరుకీ 7 లక్షల కొత్తదానికీ తేడా 6 లక్షల 20 వేలు. పెట్రోలు ఆదాతో అది తిరిగి రావాలంటే 20 ఏళ్లు దాటుతుంది, ఉప్పునీళ్లలో అంతకాలం ఇంజిన్ ఉంటుందో లేదో వేరే సంగతి. అదీ 40కి 40 పోల్చితే. మీరేమో 60 అడుగుతున్నారు, ఆ బలం ఉంది కదా అని లివర్ ముందుకు తోస్తే ఆ ఆదా కూడా మిగలదు. అదే జాలారిపేటలో రోజూ వేటకెళ్లే మనిషి ఏడాదికి 1000 గంటలు తిప్పుతాడనుకోండి, గంటకు 500 చొప్పున 5 లక్షలు, కొత్త ఇంజిన్ ఏడాదిన్నర లోపే తన ఖరీదు తను రాబట్టుకుంటుంది. ఆయనకి లాభమైన సలహా మీకు నష్టం. షోరూంలో చెప్పేది, యూట్యూబ్‌లో చెప్పేది చాలావరకు ఆయన లెక్క.

60 గురించి ఇంకో మాట. 40 టూ-స్ట్రోక్ బరువు 75 కిలోల లోపే ఉంటుంది, 60 ఫోర్-స్ట్రోక్ 100 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా వెనక వేలాడుతుంది. బోటు వెనక్కి కూర్చుని నీళ్లు బయటికి పోయే రంధ్రాలు నీటిమట్టం కిందికి వెళ్తే అవే నీళ్లు లోపలికొస్తాయి. బోటు మీద గరిష్ఠ హార్స్‌పవర్ రాసిన ప్లేటు ఉంటే అదే ఆఖరి మాట. లేకపోతే పాత ఇంజిన్ 40 కదా, 40 దగ్గరే ఆగండి. షాఫ్టు (ఇంజిన్ నుంచి ప్రొపెల్లరు దాకా కిందికి దిగే కాడ) పొడవు కూడా 15, 20, 25 అంగుళాల్లో ఏదో కొలిచి చూసుకోండి, పలక ఎత్తుకి సరిపోని షాఫ్టు ఎంత చవకగా వచ్చినా దండగే.

ధర చెప్పినవాళ్లు ఇంజిన్ ధరే చెప్పారు, మిగతావి అడిగారా? త్రోటిల్ కేబుళ్లు, కంట్రోల్ బాక్సు, ప్రొపెల్లరు, బ్యాటరీ, ఇంధనం ట్యాంకు, గొట్టాలు, వైరింగు, బిగింపు కూలి. ఇక్కడ అసలు కంటే కొసరే భయపెడుతుంది. ఇంజిన్ ధర మీద పావు వంతు అదనంగా రాసుకుని ఆ తర్వాత బేరానికి వెళ్లండి.

హార్బరులో ఎవరో ఒకరు ‘కారు డీజిల్ ఇంజిన్ పెట్టేయండి సార్, చవక’ అని కూడా అనే ఉంటారు. పెద్ద మరబోట్లకి డీజిల్ ఇంజిన్ బాగుంటుంది, అవి అందుకే కట్టినవి. మీ బోటుకి దాని బరువు, గేరుబాక్సు, ఉప్పునీటి కూలింగు, కొత్తగా కట్టాల్సిన ఇంజిన్ గద్దె అన్నీ కలిపితే అది వేరే బోటు అవుతుంది. వద్దు.

టూరిస్టుల సంగతి. డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకున్న క్షణం మీది సరదా బోటు కాదు, వ్యాపారం. రిజిస్ట్రేషను, బోటు సర్వే (తనిఖీ), లైసెన్సున్న సరంగు (బోటు నడిపేవాడు), తలకో లైఫ్ జాకెట్, ప్రయాణికుల బీమా కావాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక ఈ విషయాల్లో చూసీచూడనట్టు పోవడం కుదరదు, కుదరకూడదు కూడా. ఇవన్నీ పెట్టుకుని ఏడాదిలో నాలుగు నెలల ఆదివారాల మీద ఈఎంఐ వస్తుందా? మీ స్నేహితుణ్ణి ఆ లోన్‌కి గ్యారంటీ సంతకం పెట్టమనండి, ఆయన నమ్మకం ఎంతో తెలుస్తుంది.

అప్పు లెక్క సూటిగా చెప్తాను. ఆ 7 లక్షల్లో 6 లక్షలే పర్సనల్ లోన్‌గా 13 శాతానికి ఐదేళ్లు తీసుకున్నా నెలకు 13,650 చొప్పున కడతారు, వడ్డీయే 2 లక్షల 19 వేలు. మీ జీతంలో ఈఎంఐ, ఇంటి ఖర్చు, సిప్ పోగా మిగిలేది 13 వేలు. అంటే ఉన్నదంతా అటే, ఇంకా 650 తక్కువ. వచ్చే ఏడాది పాప ఇంజినీరింగ్‌లోనో మరో కోర్సులోనో చేరుతుంది, ఫీజూ హాస్టలూ ఎక్కడ నుంచి తెస్తారు? సిప్ ఆపేస్తారు, నాకు తెలుసు, అందరూ అదే చేస్తారు.

ఎఫ్‌డీ కూడా ముట్టుకోవద్దు. ఈఎంఐతో కలిపి మీ ఇంటికి నెలకు 69 వేలు కావాలి, ఆరు నెలలకు 4 లక్షల 14 వేలు, ఉద్యోగానికి ఏదైనా అయితే గడిచేది దాని మీదే. మిగిలిన లక్షా 86 వేలు పాప మొదటి ఏడాది ఫీజు. అందులో బోటు వాటా సున్నా.

అయితే ఏం చేయాలి? మొదట పాత ఇంజిన్ హెడ్ విప్పించి చూడండి, దానికి కొద్ది వేలు చాలు. పిస్టన్ పట్టేసి సిలిండరు గీతలు పడినంత మాత్రమే అయితే బోరింగ్ చేయించి (సిలిండరుని కాస్త వెడల్పు చేసి) దానికి తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే పని నడుస్తుంది, 80 వేలు న్యాయమే, నేనైతే అదే చేస్తాను. ఉప్పు తినేసి ఇంజిన్ లోపలి నీటి దారులు, క్రాంక్ తిరిగే పెట్టె (క్రాంక్‌కేస్) పొడి రాలుతుంటే మాత్రం అందులో రూపాయి పెట్టొద్దు, అప్పుడు సెకండ్ హ్యాండ్ చూద్దురుగాని. ఏ దారైనా సరే ఇక మీదట బోటు మీద మొత్తం 2 లక్షలు, కొసరుతో సహా. నెలకు మిగిలే 13 వేలలో 9 వేలు వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదికి లక్ష దాటుతుంది, దానికి బోనస్ కలపండి, అది కూడేదాకా బోటు తోటలోనే ఉంటుంది.

ఆ రెండున్నర లక్షలది ఎక్కువ చెప్తున్నారనిపిస్తోంది, పైగా మీ పరిమితి దాటింది. చూడ్డానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, మీరొచ్చేసరికే వేడెక్కించి పెడితే ఏదో దాస్తున్నట్టే. మీ మెకానిక్కుతో కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) కొలిపించండి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే వెనక్కి వచ్చేయండి. కింద గేరు ఆయిల్ విప్పితే పాలలా తెల్లగా ఉందంటే సీళ్లు పోయి నీళ్లు వెళ్లాయని అర్థం. నీళ్లలో, బరువు మీద పావుగంట పరుగెత్తించి చూడండి, డ్రమ్ములో స్టార్ట్ చేసి చూపిస్తే సరిపోదు. సీరియల్ నంబరు చెరిపేసినది, కొన్న కాగితం లేనిది సగం ధరకి ఇచ్చినా తీసుకోవద్దు.

బీమా కూడా ఇంజిన్ కొనకముందే అడగండి. ఇంత పాత బోటుకి సర్వే అడుగుతారు, కొందరు ఇవ్వమంటారు కూడా. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బరులో మంటలు లేచినప్పుడు ఒక్క రాత్రిలో పదుల బోట్లు బూడిదయ్యాయి. బీమా దొరకని బోటు మీద 2 లక్షలు కూడా ఎక్కువే అని మీకనిపిస్తే నేను కాదనను.

పాత ఇంజిన్ పనికిరాదని తేలినా కిలోల లెక్కన తుక్కుకి వేసేయకండి. కింద గేరు యూనిట్, ప్రొపెల్లరు, కవరు, కార్బురేటర్లు బాగుంటే అదే మోడల్ నడిపేవాళ్లు విడివిడిగా కొంటారు, హార్బరులో స్పేర్ల షాపుల దగ్గర అడిగితే తెలుస్తుంది, ఆ డబ్బుతో కనీసం కేబుళ్లూ బ్యాటరీ వచ్చేస్తాయి.