మూడు నెలలైనా మానని కాలి పుండు: బెటాడిన్ మానేసి పెరాక్సైడ్ వాడాలా?

మీ అమ్మగారి చీలమండ పైన, లోపలి వైపు పుండు మూడు నెలలుగా మానడం లేదనీ, రెండు పూటలా బెటాడిన్ (పోవిడోన్ అయోడిన్ మందు) పోసి కట్టు కడుతున్నామనీ, పెరాక్సైడ్‌కి మారాలా అనీ అడిగారు. పెరాక్సైడ్ వద్దు. బెటాడిన్ కూడా మీరు పోస్తున్న తీరులో పెద్దగా పనిచేయదు. ఇలాంటి పుళ్లకు కట్లు కట్టే పనిలో ఎక్కువగా కనబడేది ఇదే: మందులో తప్పుండదు, వాడే పద్ధతిలో ఉంటుంది.

పాత పుండులో సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని దాని కింద ఉంటాయి. పైన పోసిన మందు అక్కడిదాకా దిగదు. పైగా చీము, రసి, నెత్తురు తగిలితే అయోడిన్ బలం పోతుంది; గోధుమ రంగు పాలిపోయిందంటే దాని పని అయిపోయినట్టే. కాబట్టి ముందు పొరను కదిలించాలి, తర్వాతే మందు పెట్టాలి. తీసేసిన పొర ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కడుతుంది, అందుకే ఒకసారి బాగా శుభ్రం చేసి ఊరుకుంటే చాలదు.

పాత కట్టు అంటుకుంటే లాగకండి, కొత్త కండ దానితో ఊడొస్తుంది. గోరువెచ్చటి 0.9% సెలైన్‌తో (శుద్ధమైన ఉప్పునీటి ద్రావణం) తడిపి నాననివ్వండి. చల్లటి సెలైన్ వాడితే పుండు చల్లబడి కణాల పని మందగిస్తుంది. ఆ సెలైన్‌ను 35 మి.లీ. సిరంజికి 19 గేజి మొన పెట్టి పుండు మీదికి నెడితే సుమారు 8 పీఎస్ఐ ఒత్తిడి వస్తుంది. మురికిని కదిలించడానికి అది చాలు, కండ దెబ్బతినదు. ఇంట్లో పదునైన సూది కాకుండా మొద్దు మొన వాడండి. తర్వాత తడి గాజుగుడ్డతో పుండు అడుగునూ అంచులనూ చుట్టూ ఉన్న చర్మాన్నీ తుడవండి. కొద్దిగా నెత్తురు చెమర్చితే భయపడక్కర్లేదు. గట్టిగా అంటుకున్న పసుపు పొరనూ చచ్చిన కండనూ మాత్రం డాక్టరో నర్సో తీయాలి.

ఇప్పుడు మందు. పోయకండి, గాజుగుడ్డను బాగా తడిపి పుండు మీద పరిచి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. చాలా ఇళ్లలో జరగనిది ఇదే. సీసా మార్చడం కంటే ఈ పావుగంట వల్ల వచ్చే మేలు ఎక్కువ.

0.1% పీహెచ్ఎంబీ (పుండ్లకు వాడే ఒక యాంటీసెప్టిక్) దొరికితే మా మొదటి ఎంపిక అదే. కణాలకు హాని తక్కువ, కడిగేయక్కర్లేదు. పోవిడోన్ అయోడిన్ అయితే ‘సొల్యూషన్’ అని ఉన్నదే తీసుకోండి. ‘స్క్రబ్’లో సబ్బు కలిసి ఉంటుంది, అది పుండులోకి పోకూడదు. థైరాయిడ్ జబ్బు, కిడ్నీ జబ్బు, గర్భం, అయోడిన్ అలర్జీ ఉంటే డాక్టరును అడగకుండా అయోడిన్ వద్దు. కట్టు మీద ఆకుపచ్చ మరక, తియ్యటి వాసన ఉంటే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. దానికి 1% ఎసిటిక్ ఆమ్లం బాగా పనిచేస్తుంది, కాస్త మండుతుంది. ఆక్టెనిడిన్ అనే మరో యాంటీసెప్టిక్‌ను సిరంజితో లోతైన పుండులోకి ఎక్కించకూడదు, కండ చచ్చిపోయిన సందర్భాలున్నాయి. బ్లీచింగ్ ద్రావణం ఇంట్లో కలుపుకోకండి. దానికి వెనిగర్ తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఏ రెండు మందులూ ఒకేసారి వాడొద్దు.

పెరాక్సైడ్ నురగ చూసి మురికి పోతోందనుకుంటారు. నెత్తుట్లో, కణాల్లో ఉండే ఎంజైము తగిలి అది విడిపోవడమే ఆ నురగ. క్షణాల్లో బలం అయిపోతుంది, కొత్త కండ కట్టే కణాలకూ దెబ్బ. లోతైన పుండులో పోస్తే ఆక్సిజన్ బుడగలు రక్తంలోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది.

యాంటీసెప్టిక్‌ను రెండు వారాలు వాడి చూడండి. వారానికోసారి పుండు పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి. వాసన, రసి తగ్గి, అడుగు ఎర్రగా వస్తే మందు ఆపి సెలైన్‌తో కొనసాగించవచ్చు. మార్పే లేకపోతే అదే మందు సాగదీయకండి.

ఇంత చేసినా కారణం మిగిలి ఉంటే పుండు మానదు. చీలమండ పైన లోపలి వైపు పుండు చాలాసార్లు సిరల జబ్బువల్లే వస్తుంది. దాన్ని మాన్పేది ఒత్తిడి కట్టు, యాంటీసెప్టిక్ తోడు మాత్రమే. కట్టేముందు ఏబీపీఐ పరీక్ష (చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూసేది) తప్పనిసరి. 0.5 కన్నా తక్కువ వస్తే బిగించకూడదు, కాలికి రక్తమే అందదు. సుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఆ అంకె తప్పుగా ఎక్కువ చూపొచ్చు, అప్పుడు కాలి వేలి దగ్గర రక్తపోటు కొలవాలి.

ఎరుపు పుండు అంచు దాటి 2 సెం.మీ. పైగా పాకినా, జ్వరం వచ్చినా, ఎముక తగిలినా, వేలు నల్లబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒత్తిడి కట్టు సరిగా కట్టినా పుండు తగ్గకపోతే, అంచులు ఉబ్బెత్తుగా పెరుగుతుంటే, చిన్న ముక్క తీసి బయాప్సీ చేయమని అడగండి. పాత పుండులో క్యాన్సర్ రావడం అరుదే గానీ, ఉంటే కట్లతో నెలలు వృథా చేయకూడదు.