డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్లకు పాత బొమ్మలంటే అంత మమకారం ఎందుకు?

ఆటగాళ్లు కల్పిత పాత్రలుగా మారి, ప్రధానంగా మాటల్లో నడిపే ఈ ఆటలో, ఆ లోకం ఎలా ఉంటుందో కంటికి చూపించే భారం చాలావరకు నియమాల పుస్తకంలోని బొమ్మలదే. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకం అట్టపై డేవిడ్ ట్రాంపియర్ వేసిన చిత్రంలో ఇద్దరు దొంగలు భారీ విగ్రహం కంటిలోని రత్నాన్ని పెకలిస్తుంటారు. కింద బల్లిమనుషుల శవాలు పడి ఉంటాయి, మిగిలిన సాహసికులు పటం పరచుకుని మంతనాలాడుతుంటారు. పోరు అప్పటికే ముగిసిపోయింది. వీరత్వం కన్నా దోపిడీ, ముందుచూపే ఈ ఆటకు ప్రాణమని, ఒక్క నియమమైనా చదవకముందే ఆ బొమ్మ చెప్పేస్తుంది. కొత్తవారి కోసం 1983లో వచ్చిన బేసిక్ సెట్ పెట్టెపై లారీ ఎల్మోర్ చిత్రించిన యోధుడు మాత్రం ఎర్ర డ్రాగన్‌కు ఒంటరిగా ఎదురు నిలుస్తాడు. ఆ పెట్టెతో ఆట నేర్చినవారికి సాహసమంటే అదే.

చిన్న వయసులో, చేతిలో ఉన్న ఒకటి రెండు పుస్తకాలనే పదేపదే తిరగేయడం వల్ల ఆ రూపాలు కొలమానాలుగా స్థిరపడతాయి. అయితే దీన్నంతా బాల్యస్మృతి ఖాతాలో వేయడం, నా దృష్టిలో, సరికాదు. ఎల్మోర్ చేయి తిరిగిన చిత్రకారుడే, సందేహం లేదు. కానీ ట్రాంపియర్, ఆ తొలినాటి పుస్తకాలకే బొమ్మలు వేసిన ఎరోల్ ఓటస్‌ల నలుపు తెలుపు గీతలు చూసేవారి ఊహకు ఎక్కువ చోటు వదులుతాయి. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే ఇలాంటి మరో ఆట కావాలనే ఆ పాత శైలిని ఎంచుకుంది.